‘కార్డులోకి ఎక్కించాను’ అన్న మాట

ఫోను మరమ్మతు నేర్చి కొట్టు పెట్టదలచిన వారికోసం ఇది వ్రాస్తున్నాను. పగిలిన అద్దం మార్చడం, చార్జింగు పిన్ను అతికించడం, బ్యాటరీ ఉబ్బిందో లేదో చూసి చెప్పడం చేతిపనులు. బుద్ధిగా కూర్చుంటే ఆరు నెలల్లో పట్టుబడతాయి. వాటిని గురించి నేను చెప్పవలసింది లేదు. నాకంటె చురుకైన చేతులు గలవారు నూజివీడులోనే ఎందరో ఉన్నారు. వచ్చిందనుకొన్న తరువాత కూడా చేజారిపోయే విద్య మరొకటి ఉన్నది. ఎదుటి మనిషి ఫోనులో ఏది ఎక్కడ ఉన్నదో ఆ మనిషికి తెలిసేటట్లు చెప్పడం ఆ విద్య. ఇరవై ఏళ్ళకు పైగా ఆ పనిలో ఉండి, చేతులు వణకడం మొదలైనందున కొట్టు మూశాను.

ఇందులో నా ఘనకార్యాలు తక్కువ. తప్పు మాత్రం ఒకటి వివరంగా ఉంటుంది. దానివల్ల మామిడి అంట్లు కట్టే ఒక పెద్దమనిషి కంటిచూపుతో సంపాదించినదంతా పోయే స్థితి వచ్చింది.

రంగారావుగారి బల్ల

నేను చదివినది తెలుగు. కావ్యాలు, వ్యాకరణం, ఛందస్సు గురుముఖతః నేర్చి, భాషాప్రవీణ పట్టా పుచ్చుకొని, ఒక చిన్న ప్రైవేటు పాఠశాలలో నాలుగేళ్ళు పాఠాలు చెప్పాను. ఆ పాఠశాల మూతపడింది. అప్పుడు దొరికిన పని రంగారావుగారి రేడియో కొట్టులో గుమాస్తాగిరి. ‘మేస్టారు’ అన్న పిలుపు మాత్రం నాతోపాటే ఆ కొట్టులో అడుగుపెట్టి, ఇప్పటికీ నన్ను వదలలేదు.

రంగారావుగారు కఠినుడు. ఆయన నోట పొగడ్త విన్న గుర్తు లేదు. ఒకసారి ఒక రైతు ట్రాన్సిస్టరు తెచ్చి, “పలకట్లేదండి” అన్నాడు. నేను వెంటనే వెనుక మూత విప్పాను. గంటసేపు తీగలన్నీ తడిమినా లోపం దొరకలేదు. రంగారావుగారు భోజనం ముగించి వచ్చి, ఆ రైతును ఒకే ప్రశ్న అడిగారు.

“అసలు పలకట్లేదా, మీకు కావలసిన స్టేషను పలకట్లేదా?”

“బెజవాడ రావట్లేదండి. మిగతావన్నీ శుభ్రంగా వస్తున్నాయి.”

లోపల ముల్లు తిప్పే దారం కొంచెం జారింది, అంతే. రైతు వెళ్ళేవరకైనా ఆగకుండా రంగారావుగారు నావైపు తిరిగి, “నీ వ్యాకరణం ఏమైందయ్యా మేస్టారూ? కర్త తెలియకుండా, కర్మ తెలియకుండా, క్రియ మొదలెట్టేశావు” అన్నారు.

పదిమంది ముందు పనివాణ్ణి చిన్నబుచ్చడం ఆయనలోని లోపం. దానిని నేను నేర్చుకోలేదు. అడిగిన తరువాతనే విప్పాలన్న నియమాన్ని నేర్చుకొన్నాననుకొన్నాను. ఎంతవరకు నేర్చుకొన్నానో తరువాత మీకే తెలుస్తుంది. రేడియోలు పోయి, టేపురికార్డర్లు వచ్చి, అవీ పోయాయి. రంగారావుగారు గతించాక అదే బల్లమీద నేను సెల్ ఫోన్లు విప్పడం మొదలుపెట్టాను.

మెమరీ ఒక్కటి కాదు

మా వైపు ఫోనుకు ఏ జబ్బు వచ్చినా పేరు ఒక్కటే: మెమరీ. ఫోను నెమ్మదిస్తే మెమరీ అయిపోయింది. ఫొటో దిగకపోతే మెమరీ నిండింది. మాట్లాడుతుండగా ఆగిపోయినా మెమరీయే. ఈ ఒక్క మాట కింద రెండు వేరు వేరు పదార్థాలు దాగి ఉన్నాయని వచ్చినవారికి చెప్పడం మీ మొదటి కర్తవ్యం.

నేను అవధానంతో పోల్చి చెప్పేవాణ్ణి. సభలో అవధాని ఎనిమిదిమంది అడిగినవాటిని ఏకకాలంలో మనసున నిలుపుకొంటాడు. ఆ క్షణాన ఆయన మనసులో ఉన్న చోటు ర్యామ్. ఆయన ఇంట్లో బీరువా నిండా ఉన్న పుస్తకాలు స్టోరేజి. బీరువాకు మరొక అర చేయించినంత మాత్రాన సభలో తొమ్మిదవవాడికి చోటు రాదు. ఫోను నడక మందగించిందని మెమరీ కార్డు కొనడం ఆ అర చేయించడమే.

ఆగిరిపల్లి నుంచి ఒక తోట రైతు ముచ్చటగా మూడవసారి వచ్చాడు. “మేస్టారూ, ముప్పై రెండు జీబీ వేశాం. అయినా నత్తలాగే ఉంది. అరవై నాలుగు వేద్దామంటారా?” అన్నాడు.

“అరవై నాలుగు కాదండి, మీ తోటంత వేసినా నడక మారదు. వంటిల్లు ఇరుకైతే కొట్టుగది పెంచి ఏం లాభం?”

“ఆ ముక్క మొదటి కార్డు అమ్మేటప్పుడు చెప్పాల్సిందండి” అన్నాడాయన నవ్వుతూ. నవ్వుతూ అన్నా, అన్నది నిజం. ఆ మొదటి కార్డు నేను అమ్మినదే.

స్టోరేజి నిజంగా నిండినప్పుడు కూడా కార్డు జోలికి వెంటనే పోవద్దు. సెట్టింగులలో స్టోరేజి పుట తెరిచి, ఏది ఎంత చోటు తింటున్నదో ఆ మనిషి చేతనే చదివించండి. పెట్టెమీద వ్రాసిన పరిమాణంలో మంచి భాగం ఫోను తన సొంత సరంజామాకే ఉంచుకొంటుంది; ఆ సంగతి కొన్నప్పుడు ఎవరూ చెప్పరు. మిగిలినదానిలో ఉదయాన్నే వచ్చే శుభోదయం గులాబీలు, చూసి మరచిన వీడియోలు ఉంటాయి. వాటిని తీసివేస్తేనే సగం జబ్బు నయమవుతుంది.

యాప్ తాత్కాలికంగా పోగుచేసుకొన్న క్యాషే తుడవడం, దాని డేటా తుడవడం అన్న మీటలు పక్కపక్కనే ఉంటాయి. మొదటిది తిన్న కంచం కడగడం. రెండవది వండిన అన్నం పారబోయడం. తొందరలో ఒకదానికి బదులు మరొకటి నొక్కినవారిని చూశాను. నేను మాత్రం నొక్కలేదు. నా తప్పు దానికంటె సూక్ష్మమైనది.

కొమ్మ వెళ్తుంది, వేరు వెళ్ళదు

అప్పటికీ చోటు చాలకపోతే యాప్‌లను కార్డుకు మార్చడం ఒక ఉపాయం. ఆ యాప్ పేరు నొక్కి, దాని స్టోరేజి పుటలో ‘మార్చు’ అన్న మీట ఉంటే మార్చవచ్చు. లేకపోతే, దానిని తయారుచేసినవారు ఒప్పుకోలేదని అర్థం, దానితో పెనుగులాడవద్దు. ఫోనుతో పుట్టినవి కదలవు. అలారం, కీబోర్డు, బ్యాంకు యాప్‌లను కదిలించనేకూడదు. ఫోను నిద్ర లేచిన కొంతసేపటికిగాని కార్డు నిద్ర లేవదు. ఆ వ్యవధిలో వీటికి దిక్కు తోచదు. చవుక కార్డుమీద యాప్ పెడితే, అది నడిచినంతకాలం ఫోనును తిట్టుకొంటూనే ఉంటారు.

మా ప్రాంతంలో దీనిని చెప్పడానికి వేరే ఉపమానం వెతకనక్కరలేదు. మామిడి అంటు ఉన్నది. టెంక నుంచి మొలిచిన మొక్క వేరు ఒకటి, దానిమీద కట్టిన మంచి చెట్టు పుల్ల మరొకటి. యాప్‌ను కార్డుకు మార్చినప్పుడు పైకొమ్మే కార్డులోకి వెళ్తుంది; వేరు ఫోనులోనే ఉంటుంది. కార్డు ఊడదీస్తే కొమ్మ తెగినట్లే. యాప్ బొమ్మ పాలిపోతుంది, పిలిస్తే పలకదు. తిరిగి పెడితే బ్రతుకుతుంది.

ఇంకొక పద్ధతి ఉన్నది. కొన్ని ఫోన్లు కొత్త కార్డు పెట్టగానే రెండు దారులు చూపుతాయి. ఒకటి, చేతిసంచివలె ఎక్కడికైనా తీసుకొనిపోగల కార్డుగా ఉంచుకోవడం. రెండు, ఫోనులోని స్టోరేజిలోనే దానిని కలిపివేయడం. రెండవ దారిలో ఫోను ఆ కార్డుకు తనదైన తాళం వేసి, తాళంచెవి తన కడుపులో పెట్టుకొంటుంది. ఆ కార్డు మరే ఫోనుకూ అర్థం కాదు. చోటు సమస్య ఒక్క దెబ్బకు తీరుతుంది గనుక ఇది నాకు చాలా నచ్చిన పద్ధతి.

కోటయ్య చెట్లు

కోటయ్యది రెడ్డిగూడెం దగ్గర ఊరు. చుట్టుపక్కల తోటలకు అంట్లు కట్టడం ఆయన పని. ఇంటివెనుక చిన్న నర్సరీ. ఒక మే నెల మధ్యాహ్నం కోడలు పద్మను వెంటబెట్టుకొని నా కొట్టుకు వచ్చాడు. మామిడికాయల లారీలకోసం వచ్చిన జనంతో వీధి కిక్కిరిసి ఉంది.

“ఫొటో తీద్దామంటే జాగా లేదంటున్నాడండి లోపల” అన్నది పద్మ, ఫోను నా చేతికిస్తూ.

“లోపల ఎవడున్నాడో వాణ్ణి కాస్త సర్దుకోమనండి మేస్టారూ” అన్నాడు కోటయ్య.

తెరిచి చూశాను. అన్నీ మామిడి చెట్లే. కాపుమీద ఉన్న చెట్టు నిలువెత్తున ఒకటి, కొమ్మ దగ్గరగా ఒకటి, గుత్తి ఒకటి. ప్రతి చెట్టుకూ కోటయ్య గొంతుతో ఒక చిన్న రికార్డింగు. మనిషి ముఖం ఒక్కటీ లేదు.

“ఇన్ని చెట్లకు పెళ్ళిచూపులేమిటి కోటయ్యా?”

“పెళ్ళే కదండి మరి. అంటంటే పెళ్ళేగా.”

ఆ తరువాత ఆయన చెప్పినది నేను శ్రద్ధగానే విన్నాను. చిన్నరసం మామిడి తోటలో వంద చెట్లుంటే, కాయ లేనప్పుడు వందా ఒకే పోలిక. ఏటా విడవకుండా కాసేవి వాటిలో రెండో మూడో. పుల్ల కోయవలసింది వాటినుంచి. కాని కాపు వేసవిలో, అంటు కట్టేది వానల్లో. అప్పటికి చెట్టుమీద కాయ ఉండదు. ఏ చెట్టు ఏమిటో వేసవిలో చూసి గుర్తుపెట్టుకోవాలి. ముప్పై ఏళ్ళు ఆయన కళ్ళతోనే గుర్తుపెట్టుకొన్నాడు. ఇప్పుడు కళ్ళలో నీటికాసులు. పోయిన చూపు రాదనీ, ఉన్నది వచ్చే వేసవిదాకా ఉంటుందని చెప్పలేమనీ డాక్టరు అన్నాడట.

“అందుకని ఈ ఏడు నలభై రెండు చెట్లు చూపించానండి. నేను చూపిస్తా, పద్మ తీస్తది. రేపు నాకు ఆనకపోయినా తనకుంటాయిగా.”

ఆ ఫోనులో ఉన్నవి మామూలు బొమ్మలు కావని నాకప్పుడే తెలిసింది. అంత తెలిసి చేసిన పని ఇది: కొత్త కార్డు పెట్టి, రెండవ దారి ఎంచుకొని, ఫోనులో కలిపివేసి, ఫొటోలూ రికార్డింగులూ అన్నీ అందులోకి మార్చాను. ఫోను తేలికపడింది. బల్లముందు మరో ఐదుగురు నిలుచున్నారు. ఫోను కోటయ్య చేతికిచ్చి, “అన్నీ కార్డులోకి ఎక్కించాను. ఇక జాగాకు లోటు లేదు” అన్నాను.

ఆయన దండం పెట్టి వెళ్ళాడు.

తోడు అడిగినట్లు

ఇక్కడ మా వాడుక ఒకటి చెప్పాలి. కాయ కోసే ముఠాలలో మెమరీ కార్డు ఒక మనిషి సొత్తు కాదు. పాలు తోడువేయడానికి పక్కింట్లో రవ్వంత పెరుగు అడిగినట్లు, పాటలకోసం కార్డు అడుగుతారు. ఒక ఫోను నుంచి తీసి, మరొక ఫోనులో పెట్టి, పాటలు ‘ఎక్కించుకొని’, తిరిగి ఇస్తారు. ఇచ్చినవాడి పెరుగు తరగదు, అడిగినవాడి పాలు తోడుకొంటాయి. వద్దనడం మర్యాద కాదు.

తొలకరి పడిన కొన్నాళ్ళకు కోటయ్య మళ్ళీ వచ్చాడు. పద్మ వెంట ఉన్నది. ఆయన బావమరిది సూరిబాబు కూడా వచ్చాడు. అతను జి. కొండూరులో ట్రాక్టరు నడుపుతాడు.

“వీడు కార్డు పాడుచేశాడండి. పోతే పోయిందిలెండి. ఫోన్లో ఉన్న ఫొటోలు ఎక్కడున్నాయో చూపించండి, పద్మకి దొరకట్లేదంట” అన్నాడు కోటయ్య, ఏమీ జరగనట్లు.

సూరిబాబు తల గోక్కున్నాడు. “పాటలు ఎక్కించుకుందామని అడిగానండి. బావే తీసిచ్చాడు. నా ఫోన్లో పెట్టగానే ఏదో అడిగింది.”

“ఏమని అడిగింది?”

“ఫార్మాటో ఏదో అండి. సరే అన్నాను. అది అడిగినదానికల్లా సరే అంటేనేగా ముందుకెళ్ళేది.”

“పెళ్ళిపీటల మీద కూడా అట్టాగే అన్నాడండి” అన్నాడు కోటయ్య.

సూరిబాబు నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. ఫార్మాటుకు సరే అంటే కార్డులో ఉన్నదంతా తుడుచుకొనిపోతుంది. ఫొటోలు ఫోనులో లేవు, కోటయ్యా, అన్నాను. కార్డులోకి వెళ్ళినవి కార్డులోనే ఉండేవి, ఇప్పుడు అక్కడా లేవు అన్నాను.

కోటయ్యకు వెంటనే అర్థం కాలేదు. “ఎక్కించానన్నారుగా.”

“అన్నాను.”

“ఎక్కిస్తే ఇక్కడివి ఇక్కడే ఉంటాయి గదండీ. వాడి ఫోన్లోకి పాటలెక్కిస్తే నా ఫోన్లో పాటలు పోతాయా?”

ఆయన తర్కంలో దోషం లేదు. ట్రాక్టరుకు ధాన్యం బస్తాలు ఎక్కిస్తే కళ్ళంలో బస్తాలు మిగలవు. ఆ అర్థంలో నేనన్నాను. ఫోనుకు పాటలు ఎక్కిస్తే పాత చోట పాటలు అట్లాగే ఉంటాయి. ఆ అర్థంలో ఆయన విన్నాడు. నిఘంటువు నా పక్షాన నిలుస్తుందేమో. నా కొట్టు బజారులో ఉన్నదిగాని నిఘంటువులో లేదు. ఆ బజారులో ఆ క్రియకు వాడుకార్థం ఏమిటో రోజూ నా చెవులతో వింటూనే ఉన్నాను. భాష చదువుకొన్నవాడినై ఉండి ఒక మామూలు క్రియాపదాన్ని చూసుకోక వాడాను. బొమ్మలు రెండుచోట్లా భద్రమని నమ్మి, అడిగిన బంధువుకు ఆయన కార్డు తీసి ఇచ్చాడు. ఆయన చేసినది మర్యాద. నేను చేసినది తప్పు.

ఆ మాటే ఆయనతో అన్నాను. “తప్పు సూరిబాబుది కాదు, నీది కాదు. కార్డు తియ్యవద్దని నేను చెప్పలేదు.”

పోయిన ఫైళ్ళు వెలికితీసే సాధనాలతో ఆ కార్డును సాయంకాలందాకా శోధించాను. ఫార్మాటు తరువాత సూరిబాబు దానిలో వేసుకొన్న పాటలు తప్ప ఏమీ రాలేదు. తాళం వేసిన గది గోడలతో సహా కూలిపోయిన తరువాత తాళంచెవి దగ్గరుండి లాభం లేదు. చెట్ల బొమ్మలు ఎవరికైనా పంపారా అని పద్మను అడిగాను. “చెట్ల ఫొటోలు ఎవరికి పంపుకుంటామండీ” అన్నది. రేపు చూద్దాం, బెజవాడ పంపిద్దాం అని ఆశ పెట్టి పంపడం ఈ వృత్తిలో సులభం. అది చేయకండి. రావు అని తెలిస్తే ఆ పూటే రావని చెప్పండి. వారికి మిగిలిన రోజులు వారికి అక్కరకు వస్తాయి.

కోటయ్యకు మిగిలినవి తక్కువే. పుల్ల కోయడానికి వారం పదిరోజుల ముందే ఆ కొమ్మకు ఆకు దూయాలి; అప్పుడే మొగ్గ ఉబ్బుతుంది. అంటే వెంటనే చెట్లు తెలియాలి. వచ్చే వేసవి కాపుదాకా ఆగుదామంటే, ఆ కాపును చూసే కళ్ళకు భరోసా లేదు.

అప్పటినుంచి నా బల్లముందు కార్డు పెట్టించుకొన్నవారిని మూడు సంగతులు అడిగాను. ఈ కార్డు ఎవరికైనా ఇస్తారా? ఇందులో ఉన్నది పోతే మళ్ళీ తెచ్చుకోగలరా? తెచ్చుకోలేనిదైతే మరొక చోట కూడా ఉంచారా? మొదటిదానికి ఔనన్నవారికి కార్డును ఫోనులో కలపలేదు. ‘ఎక్కించాను’ అనడం పూర్తిగా మానుకొన్నాను. “ఇక్కడినుంచి తీసి అక్కడ పెడుతున్నాను, ఇక్కడ ఉండదు” అనీ, లేదా “రెండు చోట్లా ఉంచుతున్నాను” అనీ విడమరచి చెప్పి, నేను చెప్పినది వారి నోట మళ్ళీ చెప్పించుకొనేవాణ్ణి. కొందరు విసుక్కున్నారు. విసుక్కోనివ్వండి.

మూడు రోజులు

ఆ మూడు రోజులు కొట్టు మూసి కోటయ్య వెంట తోటలకు వెళ్ళాను. నాకు చెట్లు తెలియవు; వ్రాయడం తెలుసు. పద్మ మోపెడ్ మీద ఆయనను ఎక్కించుకొని ముందు వెళ్ళింది. నేను స్కూటరు మీద వెనుక. నా చేత ఒక పొడుగు పుస్తకం, ఆమె సంచిలో ఎర్ర రంగు డబ్బా. కోటయ్య ఔనన్న చెట్టు మొదలు చుట్టూ ఆమె రంగు పూస్తుంది. బావినుంచి ఎన్నో వరుస, గట్టునుంచి ఎన్నో చెట్టు అన్నది నేను వ్రాస్తాను.

బొమ్మలు లేకుండా ఆయన ఎట్లా పోల్చుకొంటాడో నాకు తెలియదు. కొమ్మ చివరలు వంచి, ఎండిన పూతకాడలు తడిమాడు. నిండుగా కాసిన చెట్టుకు అవి దట్టంగా మిగులుతాయట. ఆకు నలిపి వాసన చూశాడు. మాను చుట్టూ తిరిగి బెరడు నిమిరాడు. కొన్నిచోట్ల క్షణంలో, “ఇదే, పుయ్యమ్మాయ్” అన్నాడు. కొన్నిచోట్ల చాలాసేపు నిలబడి, తల అడ్డంగా ఊపి కదిలాడు.

“దగ్గరదగ్గరగా ఇదే అనిపిస్తే వ్రాసుకొందామా?” అన్నాను ఒకచోట.

“వద్దండి. అనుమానం పుల్ల కడితే మొక్క బతుకుతది. నాలుగేళ్ళు నీళ్ళు పోసుకుని, మందు కొట్టుకుని, కాయ చూసుకునే రోజున రైతు నన్ను తలుచుకుంటాడు. ఆ తలుచుకోవటం నాకొద్దు.”

రెండవనాటి సాయంకాలానికి పుస్తకంలో పంతొమ్మిది చెట్లు ఎక్కాయి.

మూడవనాడు రెడ్డిగూడెం దాటి, ఆయన అన్నిటికంటె విలువగా చూసుకొనే చెట్టు దగ్గరకు వెళ్ళాము. నాలుగేళ్ళుగా ఒక్క ఏడూ కాపు తప్పని చిన్నరసం అది. తోటలో అడుగుపెట్టగానే పద్మ ఆగిపోయింది. కాయ దిగగానే రైతు కొమ్మలు కత్తిరించాడు. పూతకాడలున్న చివరలన్నీ కింద కుప్పలుగా ఎండుతున్నాయి. పక్కపక్కన రెండు చెట్లు, ఒకే ఈడు, ఒకే కత్తిరింపు.

కోటయ్య ఒకదాన్ని తడిమాడు, రెండవదాన్ని తడిమాడు, మళ్ళీ మొదటిదాని దగ్గరకు వచ్చాడు. ఆకు నలిపాడు. రెండింటిదీ ఒకే వాసన. జాతి ఒకటే కదా. ఎండకు చెయ్యి అడ్డుపెట్టుకొని పైకి చూశాడు గాని, ఆ ఎత్తున ఆయనకు కనబడేది ఆకుపచ్చని మసక మాత్రమేనని నాకు తెలుసు.

“ఇది కూడా వదిలేద్దాం మేస్టారూ. రాయొద్దు.”

నేను పుస్తకం మూశాను. ఆయన గట్టువైపు తిరిగాడు.

“మావయ్యా, ఆగండి. కుడిచేతి వైపుది” అన్నది పద్మ.

“నీకెట్టా తెలుసు?”

“ఫొటో తీసేటప్పుడు మీరు వెనక్కి జరుగు, ఇంకా జరుగు అన్నారుగా, కొమ్మంతా పడాలని. జరిగీ జరిగీ ఆ కాలవలో పడ్డాను. మీరు నవ్వారు కూడా.”

“నవ్వలేదు.”

“నవ్వారు. అప్పుడే బురద కడుక్కుంటూ మళ్ళీ చూశాను.” ఆమె వెళ్ళి ఎండిన కాలవలో నిలబడి, చేతిలో ఫోను ఉన్నట్లే రెండు చేతులూ ఎత్తింది. “ఇక్కణ్ణుంచి ఎదురుగా పడేది అదే. ఇది అడ్డం రాదు.”

కోటయ్య నిలబడ్డచోటే పరీక్ష మొదలుపెట్టాడు. “ఎండెటుంది అప్పుడు?”

“నా వీపుకి. పొద్దున్నే కదా వచ్చింది.”

“గుత్తికెన్ని?”

“మూడు. ఒకదానికి ముచ్చిక దగ్గర మచ్చ ఉంటే, అది పడకుండా తియ్యమన్నారు.”

ఆయన కుడిచేతి వైపు చెట్టు దగ్గరకు నడిచి, మానుమీద చెయ్యి ఆనించాడు. “పుయ్యి” అన్నాడు.

నలభై రెండు చెట్లకూ వేలు చూపించినవాడు ఆయన. నలభై రెండింటి ఎదుట నిలబడి, వెలుతురు చూసుకొని, వెనక్కీ ముందుకీ జరిగినది ఆమె. కార్డు పోయిందనగానే మేమిద్దరమూ ఆయన కళ్ళనే తలచుకొన్నాం గాని ఆమెను ఒక్క మాట అడగలేదు. ఆమె కూడా మామగారి ముందు తనంతట చెప్పలేదు.

ఆ పూటే వెనక్కి మళ్ళి, గడిచిన రెండు రోజులలో వదిలివేసిన చెట్లున్న తోటలన్నీ మళ్ళీ తిరిగాము. ఈసారి పద్మ ముందు నడిచింది. ఒకచోట మోటారు షెడ్డు నీడ, ఒకచోట కందిరీగల పట్టు, ఒకచోట కోటయ్య దగ్గి రికార్డింగు రెండుసార్లు చెప్పవలసి వచ్చిన సంగతి ఆమెకు దారి చూపాయి. రంగు పూసిన చెట్లు ముప్పై ఒకటి అయ్యాయి. తక్కిన పదకొండూ పోయాయి. వాటి దగ్గర ఆమె కూడా, “నాకు రావట్లేదు మావయ్యా” అన్నది. ఆయన బలవంతం చేయలేదు. ఆ పదకొండు నా లెక్కలో ఇప్పటికీ ఉన్నాయి.

ఆకు దూసిన పదవనాడు పుల్ల కోయడానికి వెళ్తూ నాకు కబురుచేశారు. వెళ్ళి చూస్తే కోటయ్య కత్తి నూరి, తడిపిన గోనెపట్టా పరిచి సిద్ధంగా ఉన్నాడు. ఆ చిన్నరసం చెట్టు మొగ్గలు ఉబ్బి ఉన్నాయి. ఆయన కత్తి పిడిని పద్మవైపు తిప్పి చాచాడు.

“నువ్వు కొయ్యి.”

“నేనా? ఇన్నాళ్ళూ టెంక మొక్కలకి పట్టీలే కట్టాను. పుల్ల ఎప్పుడూ కొయ్యలేదు.”

“నిలబడి చూసింది నువ్వు. కోసేదీ నువ్వే.”

“తప్పు చెట్టయితే?”

“తప్పయితే నాలుగేళ్ళకి కాయ కాస్తదిగా, అదే చెప్తది. అప్పుడు తిడతాలే.”

“అప్పటికి మీకు కనబడాలిగా” అని, అన్న తరువాత నాలుక కరుచుకొన్నది పద్మ.

“రసం పీల్చి చూడటానికి కళ్ళెందుకే” అన్నాడు కోటయ్య. “పుల్లను ఎడమచేత్తో పట్టుకో. ఏటవాలుగా, ఒక్క కోతే.”

ఆమె పుల్ల పట్టుకొని, ఏటవాలుగా, ఒక్క కోతలో కోసింది.